రీలులో ఇంకా ఎన్ని ఉన్నాయి?

బహ్రెయిన్‌లో ఉన్న తెలుగువారి కోసం ఈ మాటలు. వంటింట్లో ఉన్నవారు పొయ్యి మీద ఓ కన్నేసి వినండి. బండి నడుపుతున్నవారు రోడ్డు మీదే రెండు కళ్ళూ పెట్టి వినండి. ఈ కాసేపూ మీతో కెమెరాల గురించి మాట్లాడతాను. రీలు కెమెరా, డిజిటల్ కెమెరా, ఇంకా మన చేత ఎప్పుడూ కొత్తది కొనిపించే ఆ తొందర. ఆ తొందర గురించే ముఖ్యంగా మాట్లాడతాను.

మా నాన్నగారిది అమలాపురంలో ఫోటో స్టూడియో. 1978లో పెట్టారు. చిన్న గది. గోడ మీద కొండలు, సరస్సు, రెండు హంసలు ఉన్న తెర. ఓ మూల దువ్వెన, అద్దం, పౌడరు డబ్బా. ఎదురుగా రెండు లైట్లు. నాన్న కెమెరా యాషికా మ్యాట్. దానికి ముందు వైపు రెండు లెన్సులుంటాయి, ఒకదాని కింద ఒకటి. మేం పిల్లలం దాన్ని రెండు కళ్ళ కెమెరా అనేవాళ్ళం. దాన్ని పొట్ట దగ్గర పెట్టుకుని, తల వంచి, పైనుంచి అద్దంలోకి చూస్తూ తీయాలి. అందుకే మా నాన్న ఫోటో తీస్తుంటే ఎదుటి మనిషికి నమస్కారం పెడుతున్నట్టే ఉండేది.

ఆ స్టూడియోకి ఎవరెక్కువ వచ్చేవారో తెలుసాండీ? గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళు. పాస్‌పోర్టు ఫోటో కోసం. రాజోలు నుంచి, మలికిపురం నుంచి, అంబాజీపేట నుంచి వచ్చేవారు. కువైట్‌కి, మస్కట్‌కి, ఇక్కడికి, మన బహ్రెయిన్‌కి. ఇళ్ళల్లో పనికి వచ్చే ఆడవాళ్ళు ఎక్కువ. గద్దామా పని అంటారే మనవాళ్ళు, ఆ పనికి. వాళ్ళల్లో చాలామందికి బతుకులో అదే మొదటి ఫోటో. పెళ్ళికి కూడా తీయించుకోలేదు. కుర్చీలో కూర్చుని కొంగు సర్దుకుని, ఊపిరి బిగబట్టేవారు. నాన్న తల వంచి అద్దంలోకి చూస్తూ, "ఊపిరి తీసుకోమ్మా, ఏం కాదు" అనేవారు. వాళ్ళు ఊపిరి వదిలిన క్షణంలో నొక్కేవారు.

నాన్న కెమెరా రీలుకి పన్నెండు ఫోటోలే. పన్నెండూ అయ్యేదాకా రీలు కడగడానికి లేదు. ఏజెంటేమో సాయంత్రానికల్లా కావాలంటాడు. అప్పటికి రీలులో ఏడే అయ్యాయనుకోండి, మిగిలిన ఐదూ మాకు పండగే. అమ్మని, నన్ను, తమ్ముడిని, పక్కింటి పిల్లల్ని నిలబెట్టి తీసేసేవారు. మా చిన్నప్పటి ఫోటోలన్నీ అలా ఎవరో గల్ఫ్‌కి వెళ్తుంటే మిగిలిపోయిన ఫోటోలేనండి.

ఇక డార్క్‌రూమ్. చిన్న ఎర్ర బల్బు. మూడు ట్రేలు. ఒకదాంట్లో డెవలపరు, ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో బొమ్మని నిలిపే హైపో. తెల్ల కాగితాన్ని డెవలపరులో ముంచి, ట్రేని ఓ పక్క కాస్త ఎత్తి దించుతూ ఉండేవారు, ఊయల ఊపినట్టు. కాగితం తెల్లగానే ఉండేది. చూస్తూ ఉండగా ముందు జుట్టు వచ్చేది. తర్వాత కనుబొమ్మలు, కళ్ళు. చెంపలు ఆఖర్న వచ్చేవి. నేను ఆ ట్రే మీదికి వంగి, "వచ్చింది, వచ్చింది" అని అరిచేదాన్ని. ఎన్నిసార్లు చూసినా అరిచేదాన్ని.

ముఖం మీద అమ్మవారి మచ్చలున్న మనిషి వస్తే, నాన్న నెగెటివ్‌ని వెలుతురుకి ఎదురుగా పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో ఒక్కో మచ్చ మీదా చుక్కలు పెట్టేవారు. నెగెటివ్ మీద నల్ల చుక్క, ఫోటోలో తెల్లగా కలిసిపోతుంది. ఆ పని అడిగినవాళ్ళకే చేసేవారు. అడగనివాళ్ళ ముఖం ఎలా ఉందో అలాగే ఉంచేవారు.

ఇప్పుడు తొందర సంగతి చెప్తాను. మా నాన్న నలుపు తెలుపుల్లో స్థిరపడేసరికి కలర్ వచ్చింది. కలర్ పేపరుకి ఎర్ర బల్బు వెలుతురు కూడా పనికిరాదు. దానికి పెద్ద ల్యాబ్ కావాలి. రీళ్ళు మూటకట్టి రాజమండ్రి బస్సులో పంపేవారు. పెళ్ళిళ్ళకి కొత్త కెమెరా కావాలన్నారు, కొన్నారు. కొత్త ఫ్లాష్ కావాలన్నారు, కొన్నారు. 2004లో డిజిటల్ అన్నారు. పక్క వీధి స్టూడియో వాళ్ళు కొనేశారు. మనం కొనకపోతే పెళ్ళిళ్ళు పోతాయన్నారు. అప్పు చేసి కెమెరా, కంప్యూటరు, ప్రింటరు కొన్నారు. రెండేళ్ళు తిరక్కుండానే అంతకన్నా మంచి కెమెరా సగం ధరకి వచ్చింది. నాన్న అప్పు మాత్రం సగం కాలేదు.

డార్క్‌రూమ్‌లో ఫోటోలు పెద్దవి చేసే ఎన్‌లార్జర్‌ని పాత ఇనప సామాన్లవాడు తూకం వేసి పట్టుకెళ్ళాడు. నేను అప్పటికి ఇక్కడికి వచ్చేశాను. ఫోన్లో చెప్పారు నాన్న. ఎంతకిచ్చారని అడగలేదు నేను.

అలాగని డిజిటల్ అనగానే నాన్న తిట్టుకునేవారు కాదండి. ఈ మాట న్యాయంగా చెప్పాలి. హైపోలో నాని నాని ఆయన వేళ్ళ చివర్లు పగిలిపోయేవి. రాత్రి రెండింటిదాకా ఆ గదిలో నిలబడి ఉండేవారు. డిజిటల్ వచ్చాక రాత్రిళ్ళు పడుకున్నారు. డిజిటల్ మంచిదే. మంచిదని నేనూ ఒప్పుకుంటాను. నా బాధ అంతా తొందరతోటే.

ఈ డిజిటల్ కెమెరా ఎక్కడ పుట్టిందో విన్నారా? రీళ్ళు అమ్మే కొడాక్ కంపెనీలోనే పుట్టింది. 1975లో, అమెరికాలో రోచెస్టర్ ఊళ్ళో. స్టీవ్ శాసన్ అని కుర్ర ఇంజనీరు. సినిమా కెమెరా నుంచి ఓ లెన్సు తీసుకున్నాడు, పదహారు బ్యాటరీలు పెట్టాడు, పాటల క్యాసెట్ లాంటి క్యాసెట్ ఒకటి తగిలించాడు. అంతా కలిపి మూడున్నర కిలోల పైమాటే. ఒక్క ఫోటో ఆ క్యాసెట్ మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. మొదటి ఫోటో ల్యాబ్‌లో పనిచేసే ఓ అమ్మాయిది. టీవీకి తగిలించి చూస్తే జుట్టు కనబడింది, వెనక గోడ కనబడింది, ముఖం మాత్రం చెదిరిపోయింది. వైర్లు సరిచేస్తే ముఖం వచ్చింది. మా డార్క్‌రూమ్ ట్రేలో లాగే, అక్కడా ముందు జుట్టే వచ్చిందన్నమాట.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. ఆ క్యాసెట్‌లో ఎన్ని ఫోటోలు పట్టాలి? ఎన్నయినా అనుకోవచ్చు. శాసన్ 30 చాలనుకున్నాడు. ఎందుకంటే చిన్న కెమెరాల రీలుకి 24 గానీ 36 గానీ ఉంటాయి. జనానికి ఆ లెక్క అలవాటు. ఆ రెంటికీ మధ్య ఉండాలని 30 అన్నాడు. అంటే డిజిటల్ కెమెరా కూడా పుట్టినప్పుడు లెక్క చూసుకునే పుట్టింది. లెక్క లేకుండా తీయడం తర్వాత వచ్చింది.

కొడాక్ పెద్దలకి ఆ పెట్టె నచ్చలేదు. రీళ్ళ వ్యాపారం ఏమైపోతుందని భయం. ఆ భయంతో దాన్ని పక్కన పెట్టారు. చివరికి 2012 జనవరిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేయాల్సి వచ్చింది. మన దగ్గరా అంతే. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అని 1960లో పెట్టిన ప్రభుత్వ ఫ్యాక్టరీ. 'ఇందు' పేరుతో రీళ్ళు చేసేది. మా నాన్న ఇందు వాడారు. ఆ ఫ్యాక్టరీ మూతపడింది.

ఇంకో విచిత్రం చూడండి. ఇప్పుడు రీలు మళ్ళీ వస్తోంది. ఆపేసిన ఎక్టాక్రోమ్ రీలుని కొడాక్ 2018లో మళ్ళీ తెచ్చింది. పెంటాక్స్ వాళ్ళు 2024లో సరికొత్త రీలు కెమెరా చేసి అమ్మారు. పాతికేళ్ళ పిల్లలు రీలు కెమెరా వేసుకుని మనామాలో తిరగడం నేను చూశాను. సంతోషమే. కానీ ఇదివరకు రీలు పాతబడింది, డిజిటల్ కొనమన్నారు. ఇప్పుడు డిజిటల్ విసుగొచ్చింది, రీలు కొనమంటున్నారు. ఎటు తిరిగినా చివరి మాట కొనమనే. అది గుర్తుపెట్టుకోండి. ఎటు తిరిగినా కొనమనే.

నా సంగతి చెప్తాను. నాకో డిజిటల్ కెమెరా ఉంది. 2012లో కొన్నాను. పోయినేడాది బ్యాటరీ నిలవడం లేదని ఇక్కడే ఓ షాపుకి తీసుకెళ్ళాను. కౌంటరులో మన తెలుగు కుర్రాడే, రాజంపేట వైపు. కెమెరా చేతిలోకి తీసుకుని, "అక్కా, ఇది ఇంకా వాడుతున్నావా?" అన్నాడు. ఇంట్లో ముసలివాళ్ళని చూసి, ఇంకా ఉన్నారా అని అడిగినట్టుంది నాకు. ఆ కుర్రాడి తప్పేమీ లేదు. అతనికి నెలకింత అమ్మాలని ఉంటుంది. కొత్తది తీసి చూపించాడు. వాయిదాల మీద ఇస్తారన్నాడు. నెలనెలా పెద్దగా తెలియదన్నాడు. చేత్తో పట్టుకున్నాను. నిజంగా బాగుంది. తేలికగా ఉంది. కొనేద్దామనే అనిపించింది.

బ్యాటరీ మాత్రమే కొనుక్కుని ఇంటికొచ్చాను. ఆ రాత్రి ఓ పాత ఫోటో బయటికి తీశాను. నాన్న 2004లో అప్పు చేసి కొన్నారే, ఆ కెమెరాతో తీసిన మా అమ్మ ఫోటో ఒకటి నా దగ్గరుంది. అది ఆరు మెగాపిక్సెళ్ళ కెమెరా. ఇప్పటి ఫోనుల ముందు ఆ లెక్క చెబితే నవ్వుతారు. మర్నాడు దాన్ని పది అంగుళాల వెడల్పున ప్రింటు వేయించాను. బల్ల మీద పెట్టి చూశాను. అమ్మ ముక్కుపుడక రాయి మీద కిటికీ వెలుతురు కనబడింది. చెవి దగ్గర నెరిసిన వెంట్రుకలు విడివిడిగా కనబడ్డాయి. అంతకన్నా ఇంకేం కావాలండీ? ఆరు మెగాపిక్సెళ్ళు పది అంగుళాల ఫోటోకి సరిపోతాయి. మన ఇళ్ళల్లో గోడకి అంతకన్నా పెద్ద ఫోటో ఎంతమంది పెడతాం?

మళ్ళీ చెప్తాను, ఇది రేడియో కదా, వెనక్కి తిప్పి వినలేరు. ఆరు సరిపోతాయి. మీ చేతిలో ఉన్నదాంట్లో అంతకన్నా ఎక్కువే ఉన్నాయి.

పెళ్ళిళ్ళు తీసి బతికేవాళ్ళున్నారు. చీకటి హాల్లో తీయాలి, పరిగెత్తే పెళ్ళికొడుకు తమ్ముణ్ణి పట్టుకోవాలి. వాళ్ళకి కొత్తది కావాలి. అది పనిముట్టు. రైతు నాగలి మార్చుకున్నట్టు. అది వేరు. మనలాంటివాళ్ళు కొనాల్సి వస్తే ముందు లెన్సు చూడండి. నికాన్ వాళ్ళు 1959లో పెట్టిన లెన్సు అమరికనే దశాబ్దాలపాటు ఉంచారు. మామయ్య వాడిన లెన్సుల్లో చాలావాటిని మేనల్లుడు నికాన్ డిజిటల్ కెమెరాకి తగిలించుకోవచ్చు. కొన్నిటికి ఫోకస్ చేత్తో తిప్పుకోవాలంతే. అలా తిప్పుకుంటూ తీసే కుర్రాళ్ళు ఇక్కడే ఉన్నారు.

ఈ దేశంలో కెమెరా పాడయ్యేది పాతబడి కాదండి, చెమ్మకి. ఆగస్టులో తెల్లారుజామున ముహర్రఖ్ ఒడ్డుకి వెళ్ళి చూడండి. ఏసీ కారులోంచి కెమెరా బయటికి తీయగానే లెన్సు తెల్లబడిపోతుంది, వేడి ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు కళ్ళజోడు అయినట్టు. తుడిస్తే మళ్ళీ పడుతుంది. అప్పుడు చెడిపోయిందని కంగారుపడి షాపుకి పరిగెత్తినవాళ్ళున్నారు. ఏం చేయనక్కర్లేదు. కారులో ఉండగానే ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి బిగించండి. బయటికొచ్చాక అరగంట అలాగే ఉంచండి. కెమెరా కూడా బయటి వేడికి అలవాటు పడాలి. ఇంట్లో డబ్బాలో బూజు పట్టకుండా సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి. మందు సీసాల్లో, కొత్త చెప్పుల పెట్టెల్లో వస్తాయి చూడండి, అవే. షమాల్ గాలి దుమ్ము రేపుతున్న రోజున లెన్సు విప్పకండి. రీలు వాడేవాళ్ళు రీళ్ళు ఫ్రిజ్‌లో ఉంచండి, తీశాక గది వేడికి వచ్చేదాకా డబ్బా మూత తీయకండి. కారులో మాత్రం వదలకండి. ఈ ఎండకి రంగులు మారిపోతాయి.

ముహర్రఖ్ పేరెత్తాను కాబట్టి ముత్యాల మాట. మనలో చాలామంది ఆ పాత వీధుల్లో నడిచే ఉంటారు. ముత్యాల దారి అని, 2012లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఇక్కడ మగవాళ్ళు ఒకప్పుడు ఊపిరి బిగబట్టి సముద్రం అడుక్కి దిగి ఆల్చిప్పలు తెచ్చేవారు. జపాన్‌లో మికిమోటో అనే ఆయన 1893లో ఆల్చిప్పలో ముత్యాన్ని పెంచి చూపించాడు. అచ్చం ముత్యమే. చవక. 1930లకి, పెంపకం ముత్యాలు ఓ పక్క, లోకమంతా డబ్బుకి కటకట ఓ పక్క, ఇక్కడి పడవలు ఒడ్డెక్కాయి. 1932లో చమురు పడింది కాబట్టి దేశం నిలబడింది.

అయినా బహ్రెయిన్ ఓ పని చేసింది. పెంపకం ముత్యాల వ్యాపారాన్ని తన గడ్డ మీదికి రానివ్వలేదు. సముద్రపు ముత్యాన్ని సముద్రపు ముత్యంగానే అమ్మాలంది. ఎక్స్‌రేలో చూసి, లోపలి పొరల్ని బట్టి ఇది ఫలానా అని కాగితం ఇచ్చే సంస్థ కూడా ఉంది ఇక్కడ. నేను ముత్యాలు కొనేదాన్ని కాను. కానీ ఆ పట్టుదల నాకిష్టం. కొత్తది చవగ్గా వచ్చిందని, పాతదానికి విలువ లేదని ఈ చిన్న ద్వీపం అనలేదు.

పాతది నిలిచిన సంగతి ఇంకోటి. మన హైదరాబాదులో రాజా దీన్ దయాళ్ అని నిజాం దగ్గర ఓ ఫోటోగ్రాఫర్ ఉండేవారు. ఆయన పేరు చెప్పేటప్పుడు మా నాన్న కూర్చుని ఉంటే లేచి నిలబడేవారు. గాజు పలకల మీద తీసేవారు దీన్ దయాళ్. పరదా దాటని ఆడవాళ్ళ కోసం 1892లో హైదరాబాదులో వేరే స్టూడియో పెట్టారు. లోపల ఫోటోలు తీసేదీ ఆడమనిషే. ఆయన 1905లో పోయారు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,800కు పైగా ఇప్పటికీ ఢిల్లీలో భద్రంగా ఉన్నాయి. గాజు. కింద పడితే ముక్కలైపోయే గాజు, నూరేళ్ళు దాటి నిలిచింది. మరి మన ఫోనులో పోయినేడాది ఫోటోలు ఏవండీ?

ఈ ప్రశ్న ఊరికే అడగలేదు. మా గుడి దగ్గర పరిచయమైన ఓ అక్క ఉన్నారు. ఇక్కడ ఓ ఇంట్లో పనిచేస్తారు. పదకొండేళ్ళయింది వచ్చి. కూతురి ఫోటోలన్నీ ఫోనులోనే. పాకిన ఫోటో, బడికెళ్ళిన మొదటి రోజు ఫోటో, ఓణీల ఫంక్షను ఫోటోలు. ఏదీ ఆవిడ కళ్ళారా చూసింది కాదు, అన్నీ ఊరి నుంచి పంపినవే. ఆ ఫోను నీళ్ళలో పడింది. కొత్త ఫోను కొన్నారు. కొత్త ఫోనులో కెమెరా ఎంతో మంచిదట. పాపం, అందులో కూతురు లేదు.

ఊళ్ళో వాళ్ళ దగ్గర దొరికినవి మళ్ళీ పంపించుకున్నాం. పంతొమ్మిది దొరికాయి. పంతొమ్మిదీ ప్రింటు వేయించి ఇచ్చాను. కొత్త కెమెరాకి కట్టాల్సిన ఒక్క వాయిదా అంత కూడా కాలేదు ఖర్చు. ఇది మాత్రం మళ్ళీ మళ్ళీ చెప్తాను. కెమెరా మార్చే ముందు ఫోటోలు ప్రింటు వేయించండి. ఏడాదికి ముప్ఫై ఆరు చాలు. ఒక్క రీలు లెక్క. మీ ఫోనులో వేల ఫోటోల్లోంచి ముప్ఫై ఆరు ఏరడానికి కూర్చోండి. అప్పుడు తెలుస్తుంది, ఏది ఎందుకు తీశామో.

ఆ అక్కని శుక్రవారం బాబ్ అల్ బహ్రెయిన్ తోరణం దగ్గరికి తీసుకెళ్ళాను, ఓ ఫోటో తీద్దామని. వాళ్ళ మేనత్త కూడా ఒకప్పుడు ఇక్కడ పనిచేసిందట. ఇంట్లో మేనత్త ఫోటో ఉండేదట, వెనక ఈ తోరణం. మా ఊళ్ళో అదొక్కటే బహ్రెయిన్ అంటే, అన్నారు ఆవిడ. అక్కడే నిలబడి ఆవిడ నన్ను, "సముద్రం ఏదమ్మా?" అని అడిగారు. సముద్రం ఒడ్డునే ఈ తోరణం అని మేనత్త చెప్పేదట. నిజమే. 1940ల్లో దీన్ని కట్టినప్పుడు సముద్రం దగ్గరే ఉండేది. ఆ తర్వాత పూడ్చుకుంటూ పోయారు. ఇప్పుడు అక్కణ్ణుంచి నీళ్ళు కనబడవు. పాత ఫోటోల్లోనే ఉన్నాయి ఆ నీళ్ళు.

ఆవిడ కొంగు సర్దుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. నేను కెమెరా దించి, "ఊపిరి తీసుకో అక్కా, ఏం కాదు" అన్నాను. 2012 నాటి కెమెరా. మూడు ఫోటోలు తీశాను. మూడోది బాగా వచ్చింది.

మొన్న సెలవులకి ఊరెళ్ళినప్పుడు ఆ ప్రింటు నాన్నకి చూపించాను. ఇప్పుడు ఆయనకి చూపు తగ్గింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురు పడేలా వాల్చి, చాలాసేపు చూశారు. ఏ కెమెరాతో తీశావని అడగలేదు.

"ఎవరమ్మా ఈవిడ? మన వైపేనా?" అన్నారు.